ప్రారంభోపసంహరణ మహోత్సవం

కళాశాలకు సర్వర్ వచ్చిన రోజునే దానికి కట్టడానికి ఎర్ర రిబ్బను కూడా వచ్చింది. సర్వర్ హైదరాబాదు నుంచి లారీలో వచ్చింది. రిబ్బను బజారులోని గాజుల కొట్టు నుంచి సైకిలు మీద వచ్చింది. తరవాత జరిగిన సంగతులు చూస్తే ఆ రెండింటిలో ఏది ముఖ్యమైనదో చెప్పడం కష్టం.

ఆ ఏడాది జిల్లాలోని డిగ్రీ కళాశాలలన్నిటికీ సర్వర్ల జ్వరం పట్టుకుంది. అంతకు ముందు ఏడు వానపాముల ఎరువు కోర్సు. దాని ముందు ఏడు పుట్టగొడుగుల పెంపకం. ఆ రెండూ ఏమయ్యాయని ఎవరూ అడగలేదు. ఈసారి ‘సర్వర్ల స్థాపన, నిర్వహణ’ అని పైనుంచి ఉత్తర్వు రాగానే కళాశాలవాళ్లు వానపాముల గది కడిగించి, సున్నం వేయించి, సర్వర్‌ని అందులో పెట్టించారు. బ్యాంకుల్లో, ఆసుపత్రుల్లో అందరి లెక్కలూ తన దగ్గర దాచుకుని, ఎవరు అడిగింది వాళ్లకి అందించే పెద్ద కంప్యూటరే సర్వర్. మనిషెత్తు ఇనప బీరువాలో కూర్చుంటుంది. దాని ముందు అడ్డంగా రిబ్బను కట్టారు. పక్కనే గోడకి ఒక బోర్డు పెట్టారు: ‘గౌరవ మంత్రివర్యుల అమృత హస్తములచే ప్రారంభోత్సవము జరుగు వరకు యంత్రమును ఎవ్వరును తాకరాదు.’

ఆ కోర్సుకి మాస్టారు కందాళ అనంతశయనం. తండ్రి ఆ ఊరి కేశవస్వామి గుడిలో అర్చకత్వం చేసి స్వామి దగ్గరికే వెళ్లిపోయాడు, ఇప్పుడు అన్నగారు చేస్తున్నాడు. అనంతశయనం కంప్యూటర్లు చదువుకుని కాంట్రాక్టు లెక్చరరుగా కుదిరాడు. నుదుట సన్నగా తిరుచూర్ణం, చొక్కా జేబులో స్క్రూడ్రైవరు. ఈ రెండూ లేకుండా ఆయన గడప దాటడు.

మంత్రిగారు మొదట ఆషాఢమని రాలేదు. తరవాత శాసనసభ ఉందని రాలేదు. ఆ తరవాత ఆయన తెరవాల్సిన వంతెనలు కొన్ని ముందు వరసలో ఉన్నాయన్నారు. అప్పటిదాకా ఏం చెయ్యాలో తెలియక అనంతశయనం నల్లబల్ల మీద సర్వర్ బొమ్మ గీసి పాఠం మొదలుపెట్టాడు. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి బొమ్మలోని మీట నొక్కి వెళ్లేవారు.

ముందు బెంచీలో కూర్చునే యర్రా సత్యవేణి ఒకనాడు లేచి నిలబడింది. ఆమె తల్లి జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది.

“మాస్టారూ, మీట నొక్కితే వేలికి సుద్ద అంటిందండి. అంతకన్నా ఇంకేం అవలేదండి.”

వెనక బెంచీలోంచి దొరబాబు అందుకున్నాడు. “ఆయ్, నిన్న హిస్టరీ మేడమ్ వచ్చి బల్ల తుడిచేశారండి. సర్వర్ మొత్తం పోయిందండి. బ్యాకప్ కూడా లేదు.”

తరగతి ఘొల్లుమంది. అనంతశయనం కూడా నవ్వాడు గానీ, లోపల గుబులుగానే ఉంది. ఫిబ్రవరిలో హైదరాబాదు నుంచి ఒక కంపెనీవాళ్లు వస్తారు. కాగితం మీద పరీక్ష పెట్టరు. కళాశాల సర్వర్ దగ్గరికే తీసుకెళ్లి, విప్పి, బిగించి, నడిపించి చూపించమంటారు. చూపించినవాళ్లకి ఉద్యోగం. ఆ ఊళ్లో అంతకు ముందు ఏ కంపెనీ అడుగు పెట్టలేదు. ఈసారి పిల్లలు తెల్లమొహం వేస్తే మళ్లీ పెట్టదు కూడా.

కార్తీకమాసం వెళ్లేదాకా చూసి, అనంతశయనం ప్రిన్సిపాల్ గదికి వెళ్లాడు.

ప్రిన్సిపాల్ పుల్లేటికుర్తి గంగాధరంగారు వృక్షశాస్త్రంలో డాక్టరేటు. ఇంట్లో మంచినీళ్లు అడిగినా ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది.

“సార్, పిల్లల్ని ఒక్కసారి సర్వర్ ముట్టుకోనివ్వండి.”

“అనంతశయనంగారూ, ప్రారంభోత్సవం జరగని యంత్రం యంత్రం కాదు. అది యంత్ర ప్రతిపాదన మాత్రమే. ప్రతిపాదనను విద్యార్థులచే తాకించుట నియమావళికి విరుద్ధం.”

అనంతశయనానికి ఏమీ తోచనప్పుడు నోటికి గుడి సంగతులే వస్తాయి.

“మా గుడి పద్ధతి వేరండి. విగ్రహానికి ప్రాణప్రతిష్ఠ అయ్యేదాకా అది ఒట్టి రాయే. శిల్పి దాని మీద కూర్చుని ముక్కు చెక్కుతాడు, భుజమ్మీద కాలు పెట్టి కిరీటం చెక్కుతాడు. ఎవరూ తప్పు పట్టరు. ముట్టుకోకూడనిది ప్రతిష్ఠ అయ్యాకే గానీ, ముందు కాదండి.”

గంగాధరంగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయనకి ఎప్పుడైనా ఒక ఆలోచన నచ్చితే అద్దాలు తుడుచుకోవడం అలవాటు.

“అనగా, ప్రారంభమునకు పూర్వము తాకవచ్చు, తదుపరి తాకరాదు.”

“గుళ్లో మాట అండి అది...”

“శాస్త్రం శాస్త్రమే కదండీ, గుళ్లో అయితేనేం, కళాశాలలో అయితేనేం!”

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. ‘సర్వర్ విభాగపు విద్యార్థులు ప్రారంభోత్సవము వరకు శిల్పులుగా పరిగణింపబడుదురు. శిల్పులు రిబ్బనుకు ఎట్టి భంగమూ కలుగకుండ యంత్రమును చెక్కవచ్చును.’

దొరబాబు ఆ రోజు చెవి మీద పెన్సిలు పెట్టుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. “ఏవండీ స్థపతిగారూ, ముక్కు దగ్గర మొదలెడదామాండి?” అని మాస్టారిని అడిగాడు.

రిబ్బను ముందు భాగంలో ఉంది కనక పిల్లలు పక్కనుంచి దూరారు. బీరువా పక్క రేకు విప్పి, సర్వర్‌ని సగం బయటికి లాగి, మూత తీశారు. లోపల చూసి సత్యవేణి మెల్లగా, “బొమ్మలో ఇంత దుమ్ము వెయ్యలేదు కదండీ మీరు,” అంది. ఆ వారమంతా గదిలో పండగే. హార్డ్ డిస్కులు తీశారు, పెట్టారు, ఒకటి తలకిందులుగా పెట్టబోయి తిట్లు తిన్నారు. విద్యుత్తు తీగ ఎక్కడ, నెట్‌వర్క్ తీగ ఎక్కడ అని వేళ్లతో తడిమి నేర్చుకున్నారు. ఇక ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి అసలు పని మొదలుపెడదాం అనుకుంటుండగా మంత్రిగారి కార్యాలయం నుంచి ఫోను వచ్చింది. వంతెనలు అయిపోయాయి. రేపే వస్తున్నారు.

శిల్పుల్ని బయటికి పంపేశారు. రిబ్బనుకి ఇస్త్రీ చేశారు.

మంత్రిగారు వచ్చి, గోడ మీది శిలాఫలకం తెర లాగి, రిబ్బను కత్తిరించి, కొబ్బరికాయ ఎక్కడ కొట్టాలని అడిగారు. ఎక్కడో ఎవరూ ఆలోచించలేదు. మంత్రిగారు ఆలోచించి ఆగే మనిషి కాదు. బీరువా కాళ్ల దగ్గర ఇనప అంచుకి వేసి ఒక్క దెబ్బ కొట్టారు. చిప్ప ముక్క ఒకటి ఎగిరి సర్వర్ ముఖానికి తగిలి టప్పుమంది. చప్పట్లలో అది ఎవరికీ వినిపించలేదు. అనంతశయనానికి వినిపించింది. తరవాత మంత్రిగారు మీట నొక్కారు. లోపలి ఫ్యాన్లన్నీ ఒక్కసారి హోరుమన్నాయి. మంత్రిగారి వెనక ఉన్న గన్‌మ్యాన్ అడ్డు రాబోయాడు.

“ఈ సర్వర్,” అని మంత్రిగారు మైకులో సెలవిచ్చారు, “మన ప్రాంత రైతాంగానికి అంకితం.”

సోమవారం పిల్లలు వచ్చేసరికి గదిలో సర్వర్ చుట్టూ ఇనప గొట్టాల కటకటాలు లేచాయి. గుమ్మం దగ్గర కొత్త బోర్డు: ‘విద్యార్థులకు సర్వర్ దర్శన వేళలు.’ పిల్లలు వరసలో వచ్చి, కటకటాల వెనక నిలబడి, వెలిగే దీపాలు చూసి, రెండో గుమ్మం గుండా బయటికి వెళ్లిపోవాలి. హాజరు రెండో గుమ్మం దగ్గర వేస్తారు.

అనంతశయనం పరుగెత్తుకుంటూ ప్రిన్సిపాల్ గదికి వెళ్లాడు.

“ఇదేంటండీ?”

“మీ శాస్త్రమే కదయ్యా! ప్రతిష్ఠ అయినది. ఇక శిల్పులకు గర్భాలయ ప్రవేశము లేదు.”

“పరీక్ష ఉందండి ఫిబ్రవరిలో. సిస్టమ్ ఎక్కించడం రాదు పిల్లలకి. చూస్తే వస్తుందా అండీ?”

“భక్తితో చూచినచో వచ్చును,” అని గంగాధరంగారు గొంతు తగ్గించారు. “మరొక సంగతి. గర్భాలయమున్నచో అర్చకుడు ఉండవలెను. యంత్రమును తాకు అధికారము మీకొక్కరికే ఇస్తున్నాం. అర్చకుని కాంట్రాక్టుపై నియమించుట సంప్రదాయము కాదు గనుక, మిమ్ము పర్మనెంటు చేయుటకు పైకి వ్రాయుచున్నాను. సర్వర్ ప్రతిష్ఠితమై ఉన్నంత కాలము మీ ఉద్యోగమునకు లోటు లేదు.”

అనంతశయనం పదకొండేళ్లుగా ఆ మాట కోసమే ఎదురు చూస్తున్నాడు. నమస్కారం పెట్టి వచ్చేశాడు.

దర్శనం వరసలో సత్యవేణి ఆయన్ని చూసి ఆగింది. చేతులు కట్టుకుంది.

“పంతులుగారూ, తీర్థమైనా ఇప్పిస్తారాండి?”

“కదలండమ్మా, కదలండి! వెనక జనం ఉన్నారు!” అని దొరబాబు గుళ్లో వాలంటీరులా అరిచాడు. ఎప్పుడూ నవ్వే తరగతి ఆ రోజు నవ్వలేదు.

సాయంత్రం అనంతశయనం ఇంట్లో పూజకి కూర్చున్నాడు. సాలగ్రామానికి అభిషేకం చేసి, తడి తుడిచి, చందనం పెట్టి, తులసి వేసి, పాలు నైవేద్యం పెట్టాడు. భార్య రంగనాయకి పీట పక్కన వత్తులు చేసుకుంటూ ఆయన మొహం చూసింది.

“పర్మనెంటు అవుతోందని చెప్పి అలా దిగాలుగా కూర్చున్నారేవిటండీ?”

“ఏం లేదే. ఈయనకి స్నానం చేయిస్తాం, తుడుస్తాం, బట్ట కడతాం, పడుకోబెడతాం. రోజుకి ఇన్నిసార్లు ముట్టుకుంటేనే ఈయన మనకి దేవుడయ్యాడు. అక్కడ దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా దేవుణ్ణి చేస్తామంటున్నారు. ఇందులో ఏది అపచారమో తెలియడం లేదు.”

“మీరే కదా ఆయనకి శాస్త్రం చెప్పింది!”

“సగమే చెప్పాను.”

“మిగతా సగం ఏవిటో?”

“భిన్నమైన మూర్తి సంగతి. స్వామివారికి ఎక్కడైనా చిట్లితే కళాకర్షణ చేస్తాం కదా. శక్తిని కలశంలోకి తీసేస్తే మూర్తి మళ్లీ రాయి అవుతుంది. అప్పుడు శిల్పిని పిలవచ్చు.”

“మామగారు ఉండగా చేశారుగా, ఉత్సవమూర్తి వేలు విరిగినప్పుడు,” అని రంగనాయకి వత్తి ఒకటి వెలుతురుకి పెట్టి చూసుకుంది. “అయితే మీ సర్వర్‌కి కూడా ఏ వేలో విరగాలి. లేనిది ఉందని చెప్పడం మీవల్ల కాదు గదా!”

అనంతశయనానికి కొబ్బరి చిప్ప టప్పుమన్న చప్పుడు గుర్తుకొచ్చింది. మర్నాడు పొద్దున్నే వెళ్లి చూశాడు. సర్వర్ ముఖం మీది ప్లాస్టిక్ రేకు మూల గోరంత చిట్లింది. సర్వర్ నడకకి దానితో ఏ సంబంధమూ లేదు. ఆ రేకు ఊడదీసి పారేసినా అది నిక్షేపంగా నడుస్తుంది. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే చెప్పేవాడే. ఎవరూ అడగలేదు.

ప్రిన్సిపాల్‌తో మాత్రం ఒకే మాట అన్నాడు. “సార్, ముఖం మీద చిట్లిందండి.”

గంగాధరంగారు కుర్చీలోంచి లేచారు. “భిన్నమా?”

“మా ఆగమంలో దాన్ని అలాగే అంటారండి.”

“భిన్నమూర్తిని ఆరాధించినచో?”

“ఊరికి మంచిది కాదంటారండి.”

గంగాధరంగారు తన పదవీ విరమణకి ఎన్ని నెలలున్నాయో మనసులో లెక్క వేసుకున్నట్టుంది. మధ్యాహ్నానికల్లా నిజనిర్ధారణ కమిటీ ఏర్పడింది. కామర్స్, హిస్టరీ, తెలుగు శాఖల అధిపతులు భూతద్దంతో ఆ పగులును చూశారు. పగులు ఉన్నదని ఇద్దరు, ఉన్నదనుటకు ఆధారములు కలవని ఒకరు రాశారు. ఏకగ్రీవ తీర్మానం జరిగింది. ప్రారంభాన్ని ఉపసంహరించాలి. యంత్రం మళ్లీ ప్రతిపాదన కావాలి.

“ఉపసంహరణ ఎవరు చేయవలెను?” అని కామర్స్ ఆయన అడిగాడు.

“ప్రారంభించిన హస్తములే,” అన్నారు గంగాధరంగారు.

మంత్రిగారి కార్యాలయం వెంటనే ఒప్పుకుంది. ఒకే పనికి రెండు సభలు ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదని పీఏగారు మెచ్చుకున్నారు కూడా. పుష్యమాసం కదా అని ఎవరో సందేహించారు. ఇది శుభకార్యం కాదు, శుభకార్యాన్ని వెనక్కి తీసుకోవడం, కనక పుష్యమాసమే ప్రశస్తమని కమిటీ తేల్చింది.

ఆ విధంగా ప్రారంభోపసంహరణ మహోత్సవం జరిగింది. మేళం ఉంది, పూలదండలు ఉన్నాయి. మంత్రిగారు మొదట శిలాఫలకం మీదికి తెర దించారు. చప్పట్లు. తరవాత మీట నొక్కి సర్వర్ ఆపారు. హోరు ఆగి గది నిశ్శబ్దమైంది. మళ్లీ చప్పట్లు. ఆఖరున వెండి పళ్లెంలో రిబ్బను రెండు ముక్కలూ తెచ్చారు. మంత్రిగారు జీవితంలో వేల రిబ్బన్లు కత్తిరించారు గానీ ఒక్కటీ కట్టలేదు. ముడి జారిపోతోంది. చూసి చూసి సత్యవేణి ముందుకొచ్చి ముడి మీద వేలు పెట్టింది.

“బిగించండి సార్.”

మంత్రిగారు బిగించారు. “నీ పేరేంటమ్మా?”

“సత్యవేణండి. శిల్పినండి.”

“మంచిది, మంచిది. కళలు బతకాలి,” అని ఆయన మైకు దగ్గరికి వెళ్లి, రైతాంగానికి ఇచ్చిన అంకితాన్ని తాత్కాలికంగా వెనక్కి తీసుకున్నారు.

మర్నాడు కటకటాలు ఊడదీశారు, పక్క రేకు మళ్లీ తెరుచుకుంది. ఈసారి అనంతశయనం ఒక్క గంట వృథా పోనివ్వలేదు. పిల్లలు సిస్టమ్ ఎక్కించారు, చెరిపేశారు, మళ్లీ ఎక్కించారు. ఎవరికి ఏ తలుపు తెరవాలో, ఎవరికి తెరవకూడదో అనుమతులు రాశారు. దొరబాబు తనకి అన్ని అనుమతులూ రాసుకుని, మాస్టారికి తీసేశాడు. దాన్ని సరిచెయ్యడమే ఆ రోజు పాఠమైంది. నడుస్తుండగా ఒక డిస్కు లాగేస్తే రెండోది బరువు మోస్తుందని చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు. పర్మనెంటు కాగితాల ఊసు ఎవరూ ఎత్తలేదు. ప్రతిష్ఠ లేని చోట అర్చకుడి అవసరం లేదు. అనంతశయనం ఆ సంగతి తెలిసే ముఖం చిట్లిందని చెప్పాడు.

ఫిబ్రవరిలో కంపెనీ నుంచి మెహరున్నీసా అనే ఇంజినీరు వచ్చింది. సర్వర్ ముందున్న ముడి రిబ్బను చూసి ఆగింది.

“ఇదేంటి? తీసెయ్యండి, అడ్డం.”

పిల్లలంతా ఒక్కసారి “వద్దండీ!” అన్నారు. తీస్తే ప్రారంభమైపోతుంది. ప్రారంభమైతే ఇక ముట్టుకోవడానికి లేదు. దొరబాబు ఆమెకి ఈ సంగతి శిల్పి, రాయి, కలశం వరసలో విడమరిచి చెప్పాడు. ఆమె సగం విని, గడియారం చూసుకుని, “సరే, ఎలా చేస్తారో చెయ్యండి. నేను రాత్రే మీ మాస్టారికి ఫోను చేసి సర్వర్ మొత్తం తుడిపించి, డిస్కులు ఊడదీయించాను. మొదటి నుంచీ రావాలి,” అంది.

సత్యవేణి చెప్పులు బయట విడిచి పక్క రేకు విప్పింది. ఒంటి చేత్తో డిస్కులు బిగించింది. తీగలు వెతుక్కోకుండా పెట్టింది. ఒకచోట సిస్టమ్ మొరాయిస్తే కంగారు పడకుండా తెర మీద రాసినది చదివి, డిస్కు ఒకటి సరిగా కూర్చోలేదని గ్రహించి, మోచెయ్యి దూర్చి నొక్కింది. అనంతశయనం గుమ్మంలో నిలబడి గోవిందనామాలు మూడోసారి మొదలుపెట్టేసరికి ఫ్యాన్లు హోరుమన్నాయి. తెర మీద అక్షరాలు వరసగా పరుగెత్తి ఒక చోట నిలబడ్డాయి.

మెహరున్నీసా కింద కూర్చుని, తనే రెండు మూడు ప్రశ్నలు తెర మీద అడిగి చూసుకుంది.

“ఇంత ఇరుకులో పని చెయ్యడం ఎక్కడ నేర్పారమ్మా మీకు? మా సర్వర్ల గదిలో కొత్తవాళ్లకి ఏడాది పడుతుంది ఇలా దూరడానికి.”

“రిబ్బను వల్ల వచ్చిందండి,” అంది సత్యవేణి.

సత్యవేణికీ, దొరబాబుకీ, ఇంకో నలుగురికీ ఉద్యోగాలొచ్చాయి. మళ్లీ ఏడు కూడా వస్తామని మెహరున్నీసా చెప్పి వెళ్లింది. ఆ పూట జీడిపప్పు ఫ్యాక్టరీ నుంచి సత్యవేణి తల్లి కొంగున పప్పు కట్టుకుని వచ్చి, అనంతశయనం చేతిలో పోసి వెళ్లిపోయింది.

ఈ విజయం పేపర్లో పడింది. ఫొటోలో ప్రిన్సిపాల్‌గారు, రిబ్బను ఉన్నారు. పేపరు చూసి మంత్రిగారికి ఉత్సాహం వచ్చింది. ఇంత మంచి సర్వర్‌ని ప్రారంభం లేకుండా వదిలేస్తే ఎలా? ప్లాస్టిక్ రేకు కొత్తది తెప్పించండి, పునఃప్రారంభం చేస్తానన్నారు. గంగాధరంగారు కబురు తెచ్చి, ముహూర్తం చూసే బాధ్యత అనంతశయనానికి అప్పగించారు. “మీరు అర్చక వంశీకులు. పునఃప్రతిష్ఠ జరిగినచో మీ పర్మనెంటు కాగితములు తిరిగి కదలును,” అని కూడా జ్ఞాపకం చేశారు.

జూన్‌లో కొత్త పిల్లలు చేరతారు.

అనంతశయనం ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, పంచాంగం తీసి పీట మీద పెట్టుకున్నాడు. తిథి చూశాడు, తారాబలం చూశాడు, ఒక పేజీ తిప్పాడు, ఇంకో పేజీ తిప్పాడు. రంగనాయకి తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. వీధిలో ఎవరిదో పెళ్లి ఊరేగింపు బ్యాండుతో వెళ్తోంది.

ఆయన ఫోను తీసి ప్రిన్సిపాల్‌కి చేశాడు. “లాభం లేదండి. వచ్చే ఏడాది పరీక్షలు అయ్యేదాకా ముహూర్తం కనపడటం లేదు... ఆహా, బాగా చూశానండి.”

ఫోను పెట్టేశాక రంగనాయకి బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

“అదేవిటండీ! ఇది మాఘమాసం. ఊరంతా పెళ్లిళ్లే! రోజు విడిచి రోజు ముహూర్తమే కదా!”

“పెళ్లిళ్లకి ఉన్నాయే,” అని అనంతశయనం పంచాంగం కళ్లకి అద్దుకుని మూసేశాడు. “చదువుకి లేవు.”